ఊపిరికి మస్టర్

మత్తయి గురక మీద ఎనిమిదో కాలనీలో చాలా కథలున్నాయి. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తే క్వార్టర్ల కిటికీలు ఒక్కసారి అదిరి ఊరుకుంటాయని, రాత్రి నడిచే మూడో షిఫ్టు దిగివచ్చి మత్తయి పగలు పడుకుంటే మాత్రం సాయంత్రం దాకా అదురుతూనే ఉంటాయని పక్కింటి సారవ్వ అంటుంది. ఆయన గుక్క తీసి వదిలిన గాలికి దండెం మీది లుంగీ లేచి మూడు వరసల అవతల పడిందని తోటి కార్మికుడు ముత్యం ప్రమాణం చేసి మరీ చెబుతాడు. అంతటి మనిషి, ఆ సోమవారం పొద్దున మంచం మీద కూర్చుని, అరచేతిలో ఇమిడే రబ్బరు మాస్కును చూసి జంకాడు.

స్టూలు మీద కంపెనీ దవాఖానలో ఇచ్చిన, టిఫిన్ డబ్బా అంత మిషను ఉంది. దాని నుంచి ఒక పైపు, పైపు చివర ముక్కుకు తొడుక్కునే మాస్కు. ఊపిరితిత్తుల్లోకి గాలి నెడుతుందట. నిద్రలో ఊపిరి ఆగకుండా చూస్తుందట. మార్తమ్మ కాచి చల్లార్చిన నీళ్లు మిషను పక్కన ఉన్న చిన్న తొట్టిలో గీత వరకు పోసింది.

"ముక్కుకు పెట్టుకునేదే గదా. పాముకు ముద్దు పెట్టమన్నట్టు చూస్తున్నవేంది," అంది.

"పెట్టుకుంట. నువ్వు ఆడికి జరుగు."

మాస్కు తొడిగి, పట్టీలు తల వెనక బిగించి, మీట నొక్కాడు. ముక్కులోకి గాలి వచ్చింది. అంతే, ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది. పళ్లు ఏదో కరవడానికి చూశాయి, కరవడానికి అక్కడ ఏమీ లేదు. ముక్కులోంచి వచ్చిన గాలి నోట్లోంచి బుస్సుమని బయటికి పోయింది. గొంతు ఎండిపోయింది.

ముప్పై మూడేళ్లు బొగ్గుబాయిలో నడుముకు కట్టుకుని తిరిగిన రెస్క్యూ డబ్బా ఒంటికి నేర్పిన పాఠం అది. బాయిలో విషపు గాలి వస్తే డబ్బా విప్పాలి. రబ్బరు ముక్కను పళ్ల మధ్య కరిచి పట్టాలి. ముక్కుకు క్లిప్పు పెట్టి మూసేసి, నోటితోనే పీల్చాలి. ముక్కుతో పీల్చినవాడు చచ్చినట్టే. ఏటా ట్రైనింగులో బొమ్మకు కట్టి చూపిస్తారు, తర్వాత ఒక్కొక్కరి చేత చేయిస్తారు. ఇప్పుడు ఈ మిషను ముక్కుతోనే పీల్చమంటోంది.

పది నిమిషాలు పెనుగులాడాక కళ్లు మూతపడ్డాయి. అప్పుడే మిషనులో నీళ్లు కాగి, గాలి వెచ్చగా తగిలింది. మత్తయి మాస్కును పట్టీలతో సహా పీకేసి మంచం దిగి నిలబడ్డాడు.

"మార్తా, బయటికి నడువు. జల్ది."

మార్తమ్మ గరిటె పట్టుకుని వంటింటి గడపలోకి వచ్చింది. "ఏమాయె?"

"గాలి వేడెక్కింది."

బాయి డబ్బాలో గాలి వేడెక్కిందంటే చుట్టూ విషపు గాలి ఉన్నట్టు గుర్తు. ఆ సంగతి ఆమెకు కూడా తెలుసు. గని కార్మికుడి భార్యకు తెలియనిదేముంది. గరిటె గోడకు ఆనించి, ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టింది. నవ్వలేదు. నవ్వితే బాగుండేదని మత్తయికి అనిపించింది.

మిషను అద్దంలో అంకె వెలిగింది. పదకొండు నిమిషాలు.

మంగళవారం కంపెనీ దవాఖానలో మమత ఆ మిషను కార్డును కంప్యూటరుకు గుచ్చి చూసింది. నిద్ర పరీక్షలు చేసే అమ్మాయి. అందరినీ కాక అని పిలుస్తుంది, తప్పును తప్పని చెబుతుంది.

"పదకొండు నిమిషాలు. గంతేనా కాకా?"

"నోరు తెరుచుకుంటుంది బిడ్డా."

"ఎందుకు తెరుస్తున్నరు?"

ఆయన రెస్క్యూ డబ్బా సంగతి చెప్పాడు. గాలి వేడెక్కిన సంగతీ చెప్పాడు. మమత తన నోటి మీద రెండు వేళ్లు పెట్టుకుంది. "ఇది బాయి డబ్బా కాదు. ఇది పెట్టుకుంటే నోరు కుట్టేసినట్టు ఉండాలె. నాలుకను పైకి అంటించి పెట్టుండ్రి. పండుకునుడు కాదు ముందు, కూసోని టీవీ చూసుకుంట పెట్టుకోండ్రి. మెల్లమెల్లగ అలవాటయితది. కొందరికి నెల పడుతది."

"నెల నాకు యాడిదమ్మా. సోమవారమే గదా."

"సోమవారం సారు చూస్తడు. ఐదు దినాలు వరుసగ, దినానికి నాలుగు గంటలు వాడినట్టు గీత రావాలె. గని నుంచి కాగితం అడిగిండ్రు."

"ఇంకో పది దినాలు ఇస్తే?"

"నా చేతిల లేదు కాకా." మమత కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. "మీ సీట్ల ఇంకెవరో కూసుంటున్నరట గదా. గందుకే వాళ్లకు తొందర."

మత్తయి మ్యాన్‌రైడింగ్ ఆపరేటరు. టన్నెల్ పొడవునా తిరిగే రోప్‌కు సైకిలు సీట్ల లాంటి కుర్సీలు వేలాడుతుంటాయి. షిఫ్టుకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వాటి మీద కూర్చుని కిలోమీటరున్నర కిందికి దిగుతారు. రోప్‌ను తిప్పేది, ఆపేది ఇంజన్ గదిలో కూర్చున్న మనిషి. ఇరవై రోజుల కిందట కిందినుంచి ఆపమని గంట కొట్టారు. ఐదుసార్లు కొట్టారు. ఇంజన్ గదిలో మత్తయి గడ్డం ఛాతీకి ఆని ఉంది. కింద ఒకడు దారి పక్కనున్న తీగ లాగితే రోప్ ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి ఆయన మూడో షిఫ్టులో ల్యాంపు గదిలో దీపాలు తుడుస్తున్నాడు. సోమవారం ఫిట్ అని కాగితం రాకపోతే సీటు ఇప్పుడు అందులో కూర్చుంటున్న జగదీశ్వర్‌కు రాసిస్తారు. ఇంకో పద్నాలుగు నెలలు దీపాలు తుడిచి రిటైరై దిగిపోవడమే.

బుధవారం పొద్దున ఏడింటికి మూడో షిఫ్టు పైకి వచ్చింది. ల్యాంపు గది కిటికీలోంచి బొగ్గు నలుపు చేతులు ఒక్కొక్కటీ లోపలికి వచ్చి దీపం, డబ్బా పెట్టి పోతున్నాయి. మత్తయి నంబరు చూసి, దీపాన్ని గుడ్డతో తుడిచి, ఛార్జింగు రాక్‌లో పెడుతున్నాడు.

"కాకా, నిద్ర పట్టిందా?" ఒక కుర్రవాడి గొంతు.

"కాకకు నిద్ర పట్టకపోవుడు ఎప్పుడన్న చూసినవా? డెబ్బై మందిని ఊయలల వేసి తాను పండుకున్నడు," అన్నాడు ఇంకొకడు.

కిటికీ అవతల నవ్వారు. మత్తయి కూడా నవ్వి, అప్పటికే తుడిచిన దీపాన్ని మళ్లీ తుడిచాడు.

అందరికంటే వెనక ముత్యం వచ్చాడు. టింబర్‌మ్యాన్. కప్పు కింద దిమ్మెలు నిలబెట్టే పని. ఎడమ మోకాలు అరిగిపోయి ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. దీపం లోపల పెట్టి, మోచేతులు కిటికీకి ఆనించాడు.

"అన్నా, ఎన్ని నిమిషాలు?"

"నిన్న పద్నాలుగు."

"మొన్నటికన్న మూడు ఎక్కువ. ఈ లెక్కన నువ్వు పెన్షన్ తీసుకునే నాటికి నాలుగు గంటలు అయితది."

"నవ్వకురా."

ముత్యం వెనక్కి చూసి, తల కిటికీలోకి పెట్టాడు. "ఆ మిషన్‌కు నీ ముఖం తెలుసా?"

"అంటే?"

"ఫోటో గిట్ల తీస్తదా? వేలు పెట్టమంటదా?"

"లేదు. గాలి లెక్క చూస్తదట."

"మరి ఎవని గాలైతే ఏంది." ముత్యం గొంతు తగ్గించాడు. "మా పెద్ద పిల్ల పెండ్లికి మూడు దినాలు నా బిళ్ల నువ్వు వేసినవు. మస్టర్ క్లర్కు ముత్యం యాడున్నడంటే కిందికి పోయిండు అని చెప్పినవు. గిప్పుడు నీ బిళ్ల నేనేస్త."

ముఖం చూపిస్తేనే మస్టర్‌లో హాజరు పడే కాలం ఇది. హాజరుకు ఇత్తడి బిళ్ల వేసిన రోజుల్లో మాత్రం ఒకరి బిళ్ల ఇంకొకరు వేయని బాయి లేదు. చావుకో, పెళ్లికో ఊరికి పోయినవాడి బిళ్ల వేయనివాణ్ని మనిషి లెక్కలో వేసేవారు కాదు.

"ఊపిరికి గుడ మస్టర్ ఉంటదారా?"

"వాళ్లే పెట్టిరి గదా, దినానికి నాలుగు గంటలని." ముత్యం పళ్లు తెల్లగా కనిపించాయి. "మా ఇంట్ల కుదరదు. మనుమరాండ్లు తొండం అని గుంజుతరు. మీ ఇంట్లనే పండుకుంట. వదినను ఒక ముద్ద ఎక్కువ వండుమను."

మత్తయి ముత్యం దీపాన్ని రాక్‌లో పెట్టి, తాళం వేసి, అతని వెంట బయటికి నడిచాడు.

ఆ రోజు నుంచి మత్తయి మంచం మీద ముత్యం పడుకున్నాడు. స్నానం చేసి, అన్నం తిని, మాస్కు తొడుక్కుని, గోడ వైపు తిరిగిన రెండు నిమిషాలకు నిద్రపోయేవాడు. దిమ్మెల మధ్య కూర్చునే కునుకు తీసిన మనిషికి మిషను చప్పుడు ఒక లెక్క కాదు. మత్తయి ముందు గదిలో చాప వేసుకుని ఉత్త ముక్కుతో పడుకునేవాడు. రెండింటికి బ్లాస్టింగ్ అదురుకు లేచి, ముందు పోయి మిషను అద్దంలో చూసేవాడు. నాలుగు గంటల యాభై నిమిషాలు. మరునాడు ఐదు గంటల పది. ఆ అంకెలు చూస్తే తానే బాగా పడుకున్నట్టు అనిపించేది.

"ఎట్లుందిరా?"

"ఏం చెప్పాలన్నా. ఇయ్యాల గాలి గంత జోరుగ కొట్టింది, మంచంతోని లేసి బసంత్‌నగర్ దాకా పోయిన. సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం మీద కాసేపు ఆగి, ఒక బీడీ తాగి, మళ్ల వచ్చి ఇక్కడ దిగిన. వదినా, దుప్పటికి సిమెంటు అంటుకున్నదేమో చూడు."

మార్తమ్మ చూడలేదు. ఆమె ముత్యం ముందు కంచం పెట్టింది, నీళ్లు పెట్టింది. "రోగం ఒకరిది, మందు ఒకరికి," అని మాత్రం అంది. ముత్యం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఒక క్షణం ఆపాడు.

"నాలుగు దినాల ముచ్చట వదినా."

"అటెంక?"

గురువారం సాయంత్రం ఆమె మాస్కును సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, మత్తయి ముందు పెట్టింది. ఆయన టీవీ ముందు కూర్చుని ఒకసారి ముక్కుకు ఆనించుకున్నాడు. నోరు తెరుచుకుంది. పక్కన పెట్టేశాడు. నాలుగు గంటల గీత ఎట్లాగూ పడింది.

ఆదివారం మార్తమ్మ చర్చికి పోయింది. ఐదో రోజు. శనివారం రాత్రి షిఫ్టు దిగి ఇద్దరూ వచ్చారు. ఆఖరి రోజు కదా అని మత్తయి చాప వేసుకోలేదు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని మంచం పక్కన కాపలాకు కూర్చున్నాడు.

"నువ్వు పండుకోరాదన్నా."

"కరెంటు గిట్ల పోతే చూడాలె గదా. ఇన్ని దినాల కష్టం."

ముత్యం మాస్కు తొడుక్కుని ఈసారి ఇటు తిరిగి పడుకున్నాడు. మిషను సన్నగా ఊదుతోంది. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో కుక్కరు కూత వేసింది.

మత్తయికి తర్వాత తెలిసింది తన భుజం మీద ఎవరో కొడుతున్నారని. గట్టిగానే కొడుతున్నారు. కళ్లు తెరిస్తే ముత్యం మంచం అంచున కూర్చుని ఉన్నాడు. మాస్కు నుదుటి మీదికి నెట్టి ఉంది, దానిలోంచి గాలి అతని జుట్టును ఎగరేస్తోంది. కుడిచేతి బొటనవేలు ఉంగరం వేలి గణుపు మీద ఆగి ఉంది, సెకన్లు లెక్కపెడుతూ మధ్యలో వదిలేసినట్టు.

"ఏమైందిరా?"

ముత్యం ఛాతీ ఎగిసిపడుతోంది.

"ఏం కాలే."

"గురక పెట్టిన్నా?"

"గురకైతే మంచిగనే ఉండే అన్నా." ముత్యం చేయి కిందికి దించాడు. "గురక ఆగింది."

"ఆగితే మంచిదే గదా."

ముత్యం ఆయన ముఖాన్ని చూస్తూ ఉన్నాడు. ఏదో కట్టుకథ చెబుతాడేమో అని మత్తయి ఎదురుచూశాడు. బాయిలో ఇరవై ఆరేళ్లుగా ఇద్దరి మధ్య మాట ఆగితే అందుకునేది ముత్యమే.

"ఇంజన్ మీద కూసున్నప్పుడు గుడ గిట్లనే ఉంటదా?" అన్నాడు చివరికి.

"ఎట్ల?"

"ఏం లే."

మిషను అద్దం వైపు చూశాడు. మూడు గంటల ముప్పై నాలుగు నిమిషాలు. ముత్యం మాస్కును ముక్కు మీదికి దించుకుని, పట్టీ సర్దుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మిగిలిన ఇరవై ఆరు నిమిషాలు అతను నిద్రపోలేదని భుజాలు చూస్తే తెలుస్తోంది. నాలుగు గంటలు నిండగానే లేచాడు. మాస్కు విప్పి, పైపు చుట్టి, మిషను పక్కన పద్ధతిగా పెట్టాడు.

మార్తమ్మ చర్చి నుంచి కోడికూర వండటానికి తొందరగా వచ్చింది. ముత్యం చెప్పులు వేసుకుంటూ ఎదురయ్యాడు.

"తిని పో."

"పని ఉన్నది వదినా."

వీధి చివర దాకా ఒరుగుతూ నడిచి మలుపు తిరిగాడు. ఎప్పుడూ మలుపు దగ్గర ఆగి ఏదో ఒకటి అరిచి పోయేవాడు.

సోమవారం మమత కార్డు చూసింది. తెర మీద ఐదు గీతలు ఒకదాని కింద ఒకటి. ఆమె చాలాసేపు చూసి, కుర్చీ తిప్పి మత్తయి ముఖం చూసింది.

"పట్టీ గుర్తు పడలేదేంది కాకా? కొత్తల అందరికీ ఇక్కడ ఎర్రగ పడుతది." తన ముక్కు పక్కన వేలితో గీత గీసి చూపింది.

"మా ఆమె నూనె రాసింది."

"గాలి బయటికి పోయిన గుర్తు లేదు, నోరు గుడ తెరవలే. ఐదు దినాలల్ల ఒక్కసారి గుడ తెరవలే." ఆమె గొంతులో మెచ్చుకోలు లేదు. "మంగళవారం బాయి డబ్బా అన్నరు. బుధవారం నుంచి చిన్న పిల్లగాని లెక్క పండుకున్నరు."

మత్తయి చేతిలో టోపీని తిప్పుతూ ఉన్నాడు. మమత ఇంకా ఏదో అడుగుతుందని చూశాడు. అడిగితే చెప్పేవాడేమో. బయట వరసలో ముప్పై మంది ఉన్నారు. డాక్టరు లోపలి నుంచి పిలిచాడు.

డాక్టరు గీతలు చూశాడు, గంటకు ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో చెప్పే అంకె చూశాడు, "మంచిగా పనిచేస్తుంది, జీవితాంతం వాడాలి," అన్నాడు. సంతకం చేశాడు. ఒకటిన్నర నిమిషం పట్టింది.

సాయంత్రం మత్తయి అర్ధకిలో జిలేబీ కట్టించుకుని ముత్యం ఇంటికి పోయాడు. మనుమరాలు తలుపు తీసి, తాత పడుకున్నాడని చెప్పింది. ఆమె వెనక, లోపలి గదిలో, గోడకు ఆని కూర్చున్న మనిషి కాళ్లు కనిపించాయి. ఎడమ మోకాలికి గుడ్డ చుట్టి ఉంది. మత్తయి పొట్లం పిల్ల చేతికి ఇచ్చి వచ్చేశాడు.

షిఫ్టులు మారి, మంగళవారం ఇద్దరికీ పొద్దుటి మొదటి షిఫ్టు. ఇంజన్ గదిలో జగదీశ్వర్ లేచి నిలబడి, సీటును తన తువాలుతో దులిపాడు.

"కూసో కాకా. నీ సీటు నీకు వచ్చింది. నేను స్టోర్‌కు పోత."

"ఈడనే ఉండు కాసేపు."

మత్తయి కూర్చున్నాడు. సీటు మీద ఎవరో కొత్త మెత్త వేశారు. గది కిటికీకి ఎదురుగా టన్నెల్ నోరు. దాని ముందు మనుషులు టోపీ దీపాలు వెలిగించుకుని వరస కట్టారు. షిఫ్టు పని చూసుకునే ఓవర్‌మ్యాన్ భూపాల్ పలక చేత్తో పట్టుకుని పేర్లు చూసుకుంటున్నాడు. కిటికీ వైపు చూసి చేయి ఊపాడు. వరసలో ఒకరిద్దరు కూడా ఊపారు. "కాక వచ్చిండురో," అన్నారెవరో. అందులో వెక్కిరింపు లేదు. మత్తయికి ఛాతీ నిండినట్టయింది.

వరసలో నాలుగో మనిషి ముత్యం. భుజం మీద రంపం సంచి. అతను కిటికీ వైపు చూడలేదు.

కింది నుంచి రోప్ తిప్పమని గంట వచ్చింది. మత్తయి మీట మీద చేయి వేశాడు. అప్పుడే ముత్యం వరసలోంచి పక్కకు జరిగాడు. కుర్సీలు దాటి, టన్నెల్ ఎడమ పక్కన నడక మెట్లున్న వైపు పోయాడు. ఆ మెట్ల మీద రోప్ చెడిపోయిన రోజు తప్ప ఎవరూ దిగరు.

"ముత్యం కాకా, యాడికి? రోప్ తిరుగుతది గదా," అన్నాడు భూపాల్.

"ఈ పూట నడుస్త."

"ఆ మోకాలుతోనా? కిలోమీటరున్నర."

"మోకాలుకు గుడ మేతెయ్యాలె గదా, లేకపోతే అలుగుతది."

వరసలో నవ్వారు. ముత్యం నవ్వలేదు. కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు మీద కుడికాలు వేసి, ఎడమ కాలును దాని పక్కకు తెచ్చుకున్నాడు. తర్వాత రెండో మెట్టు.

గంట మళ్లీ మోగింది. మత్తయి చేయి మీట మీదే ఉంది. వరసలో ముందున్న కుర్రవాడు కుర్సీ కడ్డీ పట్టుకోవడానికి చేతులు చాపి నిలబడ్డాడు. పొద్దున్నే తల దువ్వుకుని, టోపీ వంకరగా పెట్టుకున్నాడు. వాడి వెనక ఇంకొకడు. వాళ్ల వెనక అరవై మంది.

"కాకా, గంట," అన్నాడు జగదీశ్వర్ మెల్లగా.

మత్తయి చేయి తీసేశాడు. లేచాడు. కొత్త మెత్త మీద ఆయన కూర్చున్న గుంట మెల్లగా పైకి లేస్తోంది. "నువ్వు కూసో," అన్నాడు.

భూపాల్ గది దగ్గరికి వచ్చాడు. "ఏమైంది? ఫిట్ కాగితం ఇచ్చిండ్రు గదా."

"ఇచ్చిండ్రు."

"మరి?"

దాదాపు నెల రోజులుగా మేనేజరు అడిగాడు, డాక్టరు అడిగాడు, మార్తమ్మ అడిగింది. ఎవరికీ చెప్పని మాట అది. "నాకు కూసుంటే నిద్ర వస్తది భూపాల్," అన్నాడు మత్తయి. "నాకే తెల్వకుంట వస్తది."

భూపాల్ వరస వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గట్లని రాసిస్తే ఇగ ఈ సీటు రాదు కాకా. మల్ల అడిగినా రాదు. ఇయ్యాలటికి ఇంటికి పొయ్యి ఆలోచించుకో."

"కాగితం ఇయ్యి. రాసిస్త."

జగదీశ్వర్ కూర్చుని మీట నొక్కాడు. రోప్ కదిలింది. ముందున్న కుర్రవాడు కుర్సీ మీదికి ఎగిరి కూర్చుని, కడ్డీ వాటేసుకుని చీకట్లోకి పోయాడు. రెండోవాడు. మూడోవాడు. మత్తయి బయటికి వచ్చి టన్నెల్ నోటి దగ్గర నిలబడ్డాడు. లోపల కుడి పక్కన దీపాలు ఒకదాని వెనక ఒకటి జారుతున్నాయి. ఎడమ పక్కన మెట్ల మీద ఒక్క దీపం. అడుగుకొకసారి ఒక వైపుకు వంగుతూ పోతోంది.

రోప్ చప్పుడుకు ఆ దీపం ఆగింది. గోడ వైపు జరిగి, వెనక్కి తిరిగి, పైకి చూసింది. మత్తయి చేయి ఎత్తాడు. పిలుద్దామనుకున్నాడు, కానీ చక్రాల మోతలో తన గొంతు తనకే వినిపించలేదు. ఇంజన్ మీద ఎవరున్నారో అంత కిందికి కనిపించదు. దీపం కాసేపు అట్లాగే నిలబడి, మళ్లీ తిరిగి, తర్వాతి మెట్టును వెతుక్కుంటూ దిగసాగింది.